అంచు ముక్కలు

పొద్దున ఆరున్నరకి వెర్లిన్, ఆమె తల్లి ఎడమ పాదం కలిసి పనికి బయల్దేరతారు.

వెర్లిన్ తలకి గుడ్డ బిగించి, కాల్చిన సీమపనస ముక్కల డబ్బా చంకన పెట్టుకుని ముందు నడుస్తుంది. పాదం వెనకాలే వస్తుంది. ఒక్కటే కాబట్టి దాన్ని నడక అనకూడదు, గెంతు అనాలి. అయినా ఆ గెంతులో కంగారుండదు. మడమ ఆనించి, అరికాలు ఆనించి, వేళ్ళతో నేలని కాస్త పట్టుకుని చూసి, అప్పుడు లేస్తుంది. ఎదురైనవాళ్ళు "గుడ్ మార్నింగ్ వెర్లిన్" అంటారు, కిందికి చూసి "గుడ్ మార్నింగ్ టాంటీ" అంటారు. పెద్దావిడని టాంటీ అనకుండా పేరు పెట్టి పిలవడం ఆ దీవిలోని మోర్న్ కాసే ఊళ్ళో లేదు, పాదమైనా సరే.

రెండేళ్ళ కిందట షుగర్ జబ్బు ముదిరి, రాజధాని ఆసుపత్రిలో వెర్లిన్ తల్లి యులాలీ ఎడమ కాలు చీలమండ దగ్గర తీసేశారు. ఆవిడ ఇంటికి చేరిన మూడో రోజు కాస్మోస్ తన మినీబస్సుని గేటు ముందు ఆపి, హారన్ రెండుసార్లు కొట్టి, "టాంటీ యులాలీ! నీ సామానొకటి ఆసుపత్రిలో మర్చిపోయొచ్చావ్" అని కేకేశాడు. పాదం బస్సు మెట్టు మీంచి దిగింది. తెగినచోట, కోసిన గుమ్మడికాయకి తొడిమ ఎండినట్టు, చర్మం ముడుచుకుని శుభ్రంగా మూసుకుపోయి ఉంది. ఎవరిదని అడగనక్కర్లేదు. పక్కకి తిరిగిన చిటికెనవేలు, నలభై ఏళ్ళు ఎస్టేటులో కోకో గింజలు తొక్కి తొక్కి రంగెక్కిన అరికాలు. యులాలీ దాన్ని చూసి ఏడ్చింది, కడిగింది, కొబ్బరినూనె రాసింది, మంచం కింద తన పాత చెప్పు పక్కన పడుకోబెట్టింది.

మర్నాడు తెల్లారగానే అది లేచి ఎస్టేటుకి పోయింది.

అక్కడ వచ్చింది తగువు. "రెండ్రోజులు నా దగ్గర కూర్చుంటే దాని సొమ్మేం పోయింది? ఎస్టేటు మీదున్న ప్రేమ నా మీద లేకపోయె!" అంది యులాలీ. ఆ రోజు నుంచి ఆవిడ దానితో మాట్లాడలేదు. సాయంత్రం అది గుమ్మంలో నిలబడితే మొహం గోడకి తిప్పుకునేది. కడిగి నూనె రాయడం వెర్లిన్ పనైంది. ఇంట్లో ఉన్న వంద పనులకి ఇంకొకటి.

ఎస్టేటులో గింజలు ఎండబెట్టే పళ్ళేలు ఒక్కొక్కటి ఒక గదంత ఉంటాయి. చెక్కవి, పట్టాల మీద చక్రాలతో ఉంటాయి. వాన చినుకు పడితే వాటిని తోసి కొట్టం కిందికి దూర్చేస్తారు. పులిసిన గింజలు అందులో పరిచాక తొక్కేవాళ్ళు దిగుతారు. చెప్పుల్లేకుండా, పాదం ఎత్తకుండా, గింజల్లోంచి జరుపుకుంటూ చాలు తీసినట్టు ఆ కొస నుంచి ఈ కొసకి. కింది గింజ పైకి రావాలి, పైది కిందికి పోవాలి. పైకి ఎండినట్టు కనబడి కింద చెమ్మ దాచుకున్న గింజ పట్టుబడాలి. అది కంటికి దొరకదు. వెర్లిన్‌కి తొమ్మిదేళ్ళప్పుడు యులాలీ ఆ పని నేర్పింది. కూతురి పాదాల మీద తన పాదాలు పెట్టి, బరువు కొంచెం కొంచెం దింపుతూ, "వెచ్చనా, చల్లనా?" అని అడిగేది. పిల్ల తప్పు చెబితే ఇంకాస్త బరువు దింపేది. "నొప్పే!" అని పిల్ల అరిస్తే "ఆఁ, ఇప్పుడు నీ కాలికి తెలివొచ్చింది. మళ్ళీ చెప్పు, వెచ్చనా, చల్లనా?" అనేది.

అలాంటి తల్లికి పుట్టిన వెర్లిన్ పళ్ళెంలో ఈ మధ్య బూజు పడుతోంది.

"వెర్లిన్, మూడో వారం ఇది. నీ కాళ్ళు నిద్రపోతున్నాయా?" అన్నాడు మేస్త్రీ రెజిస్, తెల్లగా పట్టిన గింజని వేళ్ళ మధ్య నలిపి చూపిస్తూ.

"నేను నిద్రపోయి ఎన్నాళ్ళైందో అడగండి ముందు. ఇంట్లో రోగిష్టి ముసల్ది. నా కాళ్ళైనా నిద్రపోనీండి" అని ఎదురు తిరిగింది వెర్లిన్.

రెజిస్ ఆ గింజని అవతల పారేసి వెళ్ళిపోయాడు. కానీ ఆ మధ్యాహ్నం నుంచి, వెర్లిన్ తొక్కి వదిలేసిన పళ్ళెంలోకి తల్లి పాదం దిగి, ఆమె వెనకే, ఆమె తీసిన చాలులోనే మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది. మిగతా ఆడవాళ్ళు మూతులు మూసుకుని నవ్వారు. వెర్లిన్‌కి ఒళ్ళు మండిపోయింది. కోసి పారేసినా ఈవిడ వంక పెట్టడం మానదు కదా అనుకుంది. ఆ కోపంలో ఇంటికొస్తూ ఒక కాలి చెప్పు ఎక్కడ జారిపోయిందో చూసుకోలేదు. ఒంటి చెప్పుతో ఇల్లు చేరింది. గేటు దగ్గర కాస్మోస్ చూసి, "ఏంటి వెర్లిన్, నువ్వూ అమ్మలాగే ఒంటికాలి మీద బతుకుదామనా?" అని ఎకసెక్కమాడాడు. ఆమె ఉన్న ఆ ఒక్క చెప్పూ తీసి అతని మీదికి విసిరింది.

క్రిస్మస్ వెళ్ళిన రెండు వారాలకి యులాలీ కుడికాలి బొటనవేలి పక్కన పుండు లేచింది.

ఊరి క్లినిక్కులో నర్స్ పాస్కల్ పుండు కడిగి, వేలు గుచ్చి, యంత్రంలో అంకె చూసి, కళ్ళజోడు తీసేసింది. కళ్ళజోడు తీసి మాట్లాడే నర్సంటే ఊరందరికీ భయం. "ఎనిమిది వారాలు టైము. ఈ అంకె దిగితే పుండు మానుతుంది. దిగకపోతే ఈ కాలు కూడా పోతుంది. ఇందులో నా దగ్గర ఇంకో మాట లేదు. ఇంట్లో పంచదార మాన్పించు" అంది.

మాన్పించడమంటే మాటలా? యులాలీ దొంగ. దిండు కింద చింతపండు ఉండలు, బైబిలు సంచిలో కొబ్బరి లౌజు, స్నానాల గదిలో తియ్యటి డబ్బాపాలు. ఒంటికాలి ముసల్దానికి ఇవన్నీ ఎవరు తెచ్చిస్తున్నారంటే ఊరంతా తెచ్చిస్తోంది. నలభై ఏళ్ళు పక్కపక్కన తొక్కినవాళ్ళు "పాపం, నోరు చప్పబడి పోతోందే" అని తలా ఒకటి తెచ్చి చేతిలో పెట్టేవాళ్ళు. ప్రేమ అనే మాటకి మోర్న్ కాసేలో రుచి ఉంది. అది తియ్యగా ఉంటుంది.

ఆ సమయంలోనే సిస్టర్ ఒమేటా ఆరోగ్య వంటల తరగతి పెట్టింది. ఒమేటా ముప్ఫై ఏళ్ళు టొరంటోలో వృద్ధాశ్రమం వంటగదిలో చేసి, మిక్సీ పట్టుకుని తిరిగొచ్చిన మనిషి. శనివారం విశ్రాంతి పాటించే చర్చి ఆవిడది. యులాలీ వాళ్ళదీ అదే. ఆదివారం మధ్యాహ్నం చర్చి హాల్లో పాతికమంది ఆడవాళ్ళ ముందు నిలబడి ఒమేటా బ్రౌనీ చేసి చూపించింది.

"గుడ్డు లేదు. పాలు లేవు. వెన్న లేదు. పంచదార లేదు" అంది వేళ్ళు మడుస్తూ.

"మరి ఉన్నదేంటి తల్లీ, ట్రే ఒక్కటేనా?" అంది వెనక బెంచీలోంచి యులాలీ.

హాలంతా ఘొల్లుమంది. ఒమేటాకి ఇలాంటివి కొత్తకాదు. "పండు గుజ్జుంది టాంటీ. గుడ్డు పట్టినట్టు అరటిపండు పిండిని పట్టుకుంటుంది. వెన్న బదులు ఉడికించిన గుమ్మడికాయ. కోకో ఎలాగూ మన ఊరిదే. ఒక్క కప్పు గుజ్జు, అంతే. తినడం కూడా ఒక్క ముక్క, అగ్గిపెట్టంత, అన్నీ తిన్నాక." అని ట్రే కోసి అందరికీ పంచింది. యులాలీ ముక్క నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, చప్పరిస్తూ కూర్చుంది. ఆవిడ నోట్లోంచి ఎకసెక్కం రాకపోవడం వెర్లిన్ ఎన్నేళ్ళుగానో చూడలేదు.

వెర్లిన్ చెవిలో నిలిచింది రెండే రెండు మాటలు. పంచదార లేదు. పండు గుజ్జు.

ఎందుకంటే ఆ ఊళ్ళో అందరికీ ఒక నమ్మకముంది. పంచదార అంటే దొర సరుకు. బానిసలైన ముత్తాతల వీపులు చీల్చి పండించిన చెరకు. ఆ పాపం గోనెసంచిలోకెక్కి, సంచిలోంచి టీలోకి దిగి, టీలోంచి రక్తంలోకి దిగి, ఇప్పుడు మనవలూ మునిమనవల కాళ్ళు తింటోంది. పెరట్లో చెట్టుకి దేవుడు కాయించిన పండు కాళ్ళెందుకు తింటుంది? చెట్టు ఎవరినీ కొరడాతో కొట్టలేదు కదా. ఈ లెక్కలో న్యాయం ఎంతుందంటే, అది నిజం కాకపోతుందా అని ఎవరికీ అనుమానం రాలేదు. న్యాయంగా ఉన్నదల్లా నిజమైతే లోకం ఇలా ఎందుకుంటుంది! అది వెర్లిన్‌కి తట్టలేదు. తట్టే తీరిక ఉండాలిగా.

ప్రతి శుక్రవారం పొద్దుగుంకేలోపు ఆమె ఓవెను వెలిగించేది. పొద్దుగుంకితే విశ్రాంతిదినం మొదలైనట్టే, ఇక పొయ్యి ముట్టుకోకూడదు. కోకో మాత్రం తల్లి పాదం సంపాదనే. దానికి జేబు లేదు కాబట్టి ఎస్టేటువాళ్ళు వారానికో చిన్న సంచీడు గింజలు దాని ముందు పెట్టేవాళ్ళు, వెర్లిన్ మోసుకొచ్చేది. గింజలు వేయించి, పొట్టు చెరిగి, రోట్లో నూరితే ఇల్లంతా ఆ వాసన. తొక్క నల్లబడ్డ అరటిపళ్ళు ఫోర్కుతో మెదిపి, గుమ్మడి గుజ్జు కలిపి, జాజికాయ గీరి, పిండిలో పోసేది.

మొదటి వారం యులాలీ, "బాగుందే. తీపి అందలేదు గానీ, బాగుంది" అంది.

రెండో వారం రెండు కప్పులు. మూడో వారం అరటి గుజ్జులో సపోటా గుజ్జు. సపోటా పడ్డాక యులాలీ మొహం చూడాలి! ఏడేళ్ళ పిల్లలా అయిపోయింది. "దిండు కింద చూసుకోవే, ఏమీ లేదు. నాకేం ఖర్మ, ఇది ఉండగా!" నాలుగో వారానికి గుమ్మడి పోయి దాని స్థానంలోకి ఎండబెట్టిన అరటి వచ్చింది. వారానికి ఒక ట్రే కాస్తా రెండయ్యాయి. అగ్గిపెట్టంత ముక్క అరచేయంత అయింది, అన్నీ తిన్నాక కాస్తా అన్నీ తినకముందు అయింది.

నడిమి ముక్కలు తల్లివి. మెత్తగా, తడిగా, వేలు పెడితే దిగిపోయేవి. అంచు ముక్కలు గట్టిపడి, గుజ్జు మాడి జిగురుకట్టి, మడమ చర్మంలా ఉండేవి. పళ్ళు లేని యులాలీకి అవి నమలడం చేతకాదు. అవి వెర్లిన్ తినేది. నిలబడే తినేది, ట్రే గీరుతూ, గిన్నె నాకుతూ, తల్లి మందు చీటీలు సర్దుతూ. రోగం తల్లిది కాబట్టి తన నోట్లోకి పోయేది తిండి లెక్కలోకి రాదు. పారెయ్యలేక తినడం అది.

నాలుగు వారాలకి నర్స్ వేలు గుచ్చింది. అంకె పెరిగింది.

ఇంటికొచ్చి వెర్లిన్ దిండ్లు చింపింది. బైబిలు సంచి బోర్లించింది. తల్లిని కుర్చీలోంచి లేపి, కుర్చీ కింద, రవికె లోపల, తలగుడ్డ ముడిలో వెతికింది. "ఎక్కడ పెట్టావు? ఎవరు తెస్తున్నారు? కాస్మోసేనా? వాడి బస్సు తగలబెడతాను!"

"నా తల్లి మీద ఒట్టు, ఏమీ తినలేదే."

"నీ ఒట్లు నాకు తెలుసు! ఆ కాలు పోయేముందు కూడా ఇలాగే ఒట్టేశావు. డబ్బాపాలు మూతికంటుకునుండగా ఒట్టేశావు."

"అప్పుడు అబద్ధం చెప్పాను. ఇప్పుడు చెప్పట్లేదు."

"ఈ రెండో కాలు కూడా పోతే నిన్ను ఎత్తి మోసేది ఎవరే? నేనేగా! నీకు కాలు మీద లేదు, నా నడుం మీదా లేదు, నీ నాలుక మీదుంది ప్రేమంతా!"

యులాలీ తలగుడ్డ ఊడి, పల్చటి నెరిసిన జుట్టుతో, పిల్లదాని ముందు దొంగలా నిలబడింది. ఒక చేత్తో తలుపు పట్టుకుని. డెబ్బై మూడేళ్ళలో మొదటిసారి చెప్పిన నిజాన్ని నమ్మేవాళ్ళు లేక ఆవిడ నోరు మూసుకుంది. గుమ్మంలో పాదం అటూ ఇటూ రెండు గెంతులు వేసి, వెర్లిన్ చీలమండకి తన వేళ్ళతో తట్టింది. వెర్లిన్ దాన్ని పట్టించుకోలేదు.

ఆ శుక్రవారం మూడు ట్రేలు చేసింది. తప్పు చేసినట్టు తోచింది కాబట్టి, ముసల్దాన్ని బతిమాలుకోవాలి కాబట్టి, దొంగ తీపికి పోకుండా ఇంట్లో తీపితోనే కడుపు నింపాలి కాబట్టి.

ఎనిమిదో వారానికి బొటనవేలు నల్లబడింది. వెర్లిన్ తల్లిని వెంటబెట్టుకుని, ఒక డబ్బాలో బ్రౌనీ ముక్కలు పెట్టుకుని మరీ క్లినిక్కుకి పోయింది, నర్సుని నిలదీయడానికి. "చూడండి, రెండు నెలలుగా మా ఇంట్లోకి పంచదార పలుకు రాలేదు. టీ కూడా చప్పగా తాగుతున్నాం. తీపి తినాలనిపిస్తే ఇదిగో, ఇది పెడుతున్నాను. గుడ్డు లేదు, పాలు లేవు. మీ యంత్రమే చెడిపోయుంటుంది."

నర్స్ పాస్కల్ ఒక ముక్క తీసుకుని కొరికింది. నెమ్మదిగా నమిలింది. "ఏమేం వేశావు?"

"పండు గుజ్జు."

"ఎంత?"

"ఒక ట్రేకి అరటిపళ్ళు పన్నెండు. సపోటాలు తొమ్మిది. ఎండిన అరటి ఒక గుప్పెడు, రెండు గుప్పెళ్ళు."

"ఇందులో ఆవిడ ఎంత తింటుంది?"

"ట్రే" అంది వెర్లిన్. తర్వాత, ఇంకా నెమ్మదిగా, "రెండ్రోజులకో ట్రే."

నర్స్ పాస్కల్ కళ్ళజోడు తీసింది. తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ తిట్టలేదు. "వెర్లిన్, మెదిపిన పండులో ఉన్న తీపికి, సంచిలో ఉన్న తీపికి రక్తంలోకి దిగాక తేడా తెలీదమ్మా. ఒక ముక్కైతే ఫరవాలేదు. ఇది రోజూ గిన్నెడు పంచదార పెట్టినట్టే."

గదిలో ముగ్గురూ ఉన్నారు. వెర్లిన్ తల్లి వంక చూడలేకపోయింది. అయినా మాట అక్కణ్ణించే వచ్చింది.

"నేను ఒట్టేశాను కదే" అంది యులాలీ. కోపంగా కాదు. తర్వాత ఇంకో మాట కూడా అంది, అది విని వెర్లిన్ మొహం చేతుల్లో దాచుకుంది. "కానీ బాగుండేదే. అబద్ధమెందుకు, చాలా బాగుండేది."

కుడి పాదం మార్చిలో తీసేశారు.

యులాలీ ఇంటికొచ్చిన మూడో రోజు పొద్దున వెర్లిన్ గేటు తీసి ఉంచింది. మంచం కింద చోటు చేసి, రెండో పాత చెప్పు వెతికి పెట్టింది. ఎడమ పాదం పనికి పోకుండా గేటు దగ్గర నిలబడింది. కాస్మోస్ బస్సు వచ్చి ఆగింది. అతను మెట్టు వంక చూసి, వెనక సీట్ల కింద వంగి చూసి, ఊరికే తల అడ్డంగా ఊపి పోయాడు. నాలుగో రోజు కూడా. వారం తర్వాత కూడా. రాజధాని వెళ్ళినప్పుడల్లా ఆసుపత్రి వీధిలో బస్సు నెమ్మది చేసి, తలుపు తీసి, కాసేపు ఆగి చూస్తున్నానని చెప్పాడు.

"రాదులే. దానికి నా మీద కోపమేం లేదు. అలిసిపోయింది. ఎడమది పోయిన రోజు నుంచి మొత్తం బరువంతా మోసింది అదేగా. పడుకోనీ" అంది యులాలీ.

పదో రోజున వెర్లిన్ గేటు మూసేసింది. ఎడమ పాదం మర్నాడు ఎస్టేటుకి పోయింది. పోయి, వెర్లిన్ వెనకాలే, ఆమె చాలులోనే తొక్కింది.

ఏప్రిల్‌లో ఒక శుక్రవారం, రెండు గంటలప్పుడు, కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్న యులాలీ అంది: "ఓవెను వెలిగించవే."

"దేనికి?"

"శుక్రవారం దేనికి వెలిగిస్తారు?"

"అమ్మా, నర్స్ అన్నమాట విన్నావుగా."

"విన్నాను. ఇంక కొయ్యడానికి నా దగ్గరేం మిగిలింది? మెడ ఉంది. అది గానీ కోస్తే దాన్ని మాత్రం ఎస్టేటుకి పంపకు, నోరు ఊరుకోదు, రెజిస్ పారిపోతాడు."

వెర్లిన్‌కి నవ్వొచ్చింది. ఆ నవ్వులో ఏదో తెగిపోయింది. భయం ఉన్నంతకాలమే మనిషి లెక్కలు చూసుకుంటుంది. పోయేదేమీ లేదనుకున్నాక ఎవరికోసం చూసుకోవాలి? పళ్ళు మెదిపింది. పన్నెండు అరటిపళ్ళు, తొమ్మిది సపోటాలు. ఆ చేతులకి ఇక కొలత అక్కర్లేదు. జాజికాయ గీరింది. పాదం ఆ రోజు త్వరగా ఇంటికొచ్చి గుమ్మంలో ఆగి, అక్కణ్ణించి కదల్లేదు.

ట్రే బయటికి తీసి, చల్లారనివ్వకుండానే కోసి, నడిమి ముక్క పళ్ళెంలో పెట్టి తల్లికిచ్చింది. తను బల్ల దగ్గర నిలబడి అంచులు గీరి తినసాగింది. ఒకటి. రెండు. మూడోది సగంలో ఉండగా యులాలీ నమలడం ఆపేసింది.

"ఏమే, నీ కాలు."

"నా కాలికేం?"

"అది తొక్కుతోంది నిన్ను."

వెర్లిన్ కిందికి చూసింది. తల్లి పాదం ఆమె ఎడమ పాదం మీద ఎక్కి ఉంది. ఊరికే ఎక్కి ఉండడం కాదు. ముద్దకట్టిన తడి గింజల్ని విడగొట్టేటప్పుడు మడమని ఎలా తిప్పి నొక్కుతారో అలా తిప్పి, వేళ్ళ మీద బరువంతా దింపి నొక్కుతోంది. వెర్లిన్ వేళ్ళు తెల్లగా పాలిపోయాయి. బొటనవేలి గోరు పక్కన చిన్న నెత్తురు బొట్టు పొడిచింది. ఆమె దాన్ని చూసింది, గోడ మీద వేలాడే క్యాలెండరు చూసినట్టు. ఇంకెవరిదో కాలు చూసినట్టు.

"దిగవే, ఏంటిది" అంది పాదంతో, విసుక్కుంటూ.

యులాలీ చేతిలో పళ్ళెం ఒళ్ళోకి జారింది. ఆ పాదం బరువెంతో లోకంలో ఆవిడకంటే ఎవరికి తెలుసు?

"నొప్పి లేదా?"

"లేదు."

"వేళ్ళ దగ్గర?"

"ఊఁహుఁ."

యులాలీ కూతురి మొహం వంక చూసింది. తర్వాత గొంతు తగ్గించి, నలభై ఏళ్ళ కిందట అడిగినట్టే అడిగింది. "వెచ్చనా, చల్లనా?"

వెర్లిన్ నోట్లో ముక్క అలాగే ఉండిపోయింది. కళ్ళు మూసుకుని వెతికింది. కాలు చివర ఏమీ లేదు. వెచ్చదనం లేదు, చల్లదనం లేదు, తల్లి లేదు. పళ్ళెంలో బూజు, దారిలో జారిపోయిన చెప్పు, తన చాలులో మళ్ళీ మళ్ళీ తొక్కిన పాదం, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి. అది వంకలు పెట్టడానికి తొక్కలేదు.

"తెలీడం లేదమ్మా" అంది.

యులాలీ పక్కనున్న చేతికర్ర అందుకుని, ఉన్న బలమంతా పెట్టి బల్ల మీద ట్రేని కొట్టింది. అది నేల మీద బోర్లా పడింది. నడిమి ముక్కలూ అంచు ముక్కలూ కలిసి ఒకటే ముద్దయ్యాయి.

"నాకు పోయేదేమీ లేదన్నాను. నాకు!" అని అరిచింది. అరిచి, వగర్చి, కుర్చీలోంచి ముందుకు వంగి, రెండేళ్ళలో మొదటిసారి తన పాదంతో మాట్లాడింది.

"దిగకే. వింటున్నావా? పిల్ల క్లినిక్కుకి పోతానని మాటిచ్చేదాకా దిగకు."

పాదం బొటనవేలు కాస్త పైకెత్తి, మళ్ళీ దించింది. దిగలేదు.

సోమవారం పొద్దున కాస్మోస్ బస్సులో వెర్లిన్ కిటికీ పక్కన, పాదం మెట్టు మీద. అతను అద్దంలో చూసి ఏదో పరాచికమాడబోయి మానుకున్నాడు. క్లినిక్కులో నర్స్ పాస్కల్ "అమ్మకెలా ఉంది?" అంటూ చీటీల పెట్టె తెరిచింది.

"అమ్మ చీటీ కాదు. కొత్తది రాయండి" అంది వెర్లిన్.

వేలు గుచ్చారు. అంకె చూసి నర్స్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. తిరిగి పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. తర్వాత వెర్లిన్‌ని బల్ల మీద పడుకోమని, చెప్పులు తానే విప్పి, గాలం దారంలాంటి సన్నటి తీగ ఒకటి తీసింది.

"కళ్ళు మూసుకో. తగిలినచోట తగిలిందని చెప్పు. తగలకపోతే ఏమీ అనకు."

వెర్లిన్ కళ్ళు మూసుకుంది. ఏమీ అనలేదు. నర్స్ ఊపిరి వినిపిస్తోంది, తీగ ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోతున్నట్టుంది, బహుశా. ఏమీ అనలేదు. బల్ల పక్కన నేల మీద తల్లి పాదం మడమతో ఒకే తీరున తడుతోంది. చిన్నప్పుడు పళ్ళెం ఆ కొస నుంచి ఈ కొసకి నడిపించేటప్పుడు అమ్మ వేసిన లెక్క అది. ఆమె దాన్నే వింటూ పడుకుంది. రెండో కాలు కూడా అయిపోవస్తున్నట్టుంది. నర్స్ చెయ్యి కిందికి జరిగింది.

మడమ దగ్గర, బాగా వెనక, చీమ పాకినట్టు ఏదో.

వెర్లిన్ కళ్ళు తెరవలేదు. తెరిస్తే అది పోతుందేమోనని.

"అక్కడ" అంది.